డీన్ వించెస్టర్ నోట ఆ మాట: పాత్ర గాయమా, రచయితల అలవాటా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు, మీ తమ్ముడు కలిసి, దెయ్యాలను వేటాడే ఇద్దరు అన్నదమ్ముల కథైన అమెరికన్ టీవీ సీరియల్ ‘సూపర్‌నేచురల్’ పదిహేను సీజన్లూ చూశారు. అందులో అన్న డీన్ అంటే ఇద్దరికీ ఇష్టం. కానీ కోపమొచ్చినా, ముద్దొచ్చినా, ఉలిక్కిపడినా అతని నోట్లోంచి వచ్చేది ఆడవాళ్లను తిట్టే మాటే. తమ్ముడు సామ్‌ని ‘బిచ్’ అంటాడు, అప్పుడప్పుడు ఆడపేరు పెట్టి ‘సమాంతా’ అని పిలుస్తాడు. ఇది మీకు గుచ్చుకుంది. మీ తమ్ముడేమో “అది క్యారెక్టర్ అక్కా, వాడు పడ్డ కష్టాలు చూశావుగా” అంటున్నాడు, ఈ మధ్య ఆ మాట తనూ వాడుతున్నాడు. ఇది పాత్ర స్వభావమా, రాసినవాళ్ల బుద్ధా అని అడిగారు.

సూటిగా చెప్తాను. రెండూ ఉన్నాయి, కానీ ఒకేచోట లేవు. డీన్ ఆ మాట తమ్ముణ్ణి అన్నప్పుడు అది పాత్ర. రాసినవాళ్లకు తామేం చేస్తున్నారో బాగా తెలుసు. అదే మాట ఆడవాళ్లను, ఆడమనిషి ఒంట్లో దూరిన దెయ్యాలను అన్నప్పుడు చాలావరకు అది రచయితల అలవాటు. అక్కడ వాళ్లు తమ హీరోను ప్రశ్నించుకోలేదు. డీన్ ఎందుకలా మాట్లాడతాడో అర్థం కావడం వేరు, ఆ మాటలో తప్పు లేదనుకోవడం వేరు. మీ తమ్ముడు మొదటిది చూపించి రెండోది ఒప్పుకోమంటున్నాడు.

నేను పన్నెండేళ్లుగా ఇంగ్లిష్ సీరియళ్లకు తెలుగు సబ్‌టైటిళ్లు రాస్తున్నాను. ఈ సీరియల్‌కి నేను రాయలేదు గానీ, కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేర్పేటప్పుడు ఇందులో సన్నివేశాలే ఇస్తాను. తిట్టును అనువదించడం కంటే కష్టమైన పని మాకు లేదు. తిట్టు అర్థం నిఘంటువులో దొరుకుతుంది. దాని బరువు మాత్రం ఎవరు, ఎవరిని, ఏ క్షణంలో అన్నారన్నదాంట్లో ఉంటుంది.

2005 సెప్టెంబర్‌లో వచ్చిన మొదటి ఎపిసోడ్‌నే తీసుకోండి. వంతెన మీద అన్నదమ్ములు గొడవపడతారు. అమ్మ పోయింది, ఇక రాదు అంటాడు సామ్. డీన్ అతని చొక్కా పట్టుకుని వంతెన కమ్మీకి అదిమి, అమ్మ గురించి అలా మాట్లాడొద్దంటాడు. తర్వాత మోటెల్ గదిలో, డీన్ ఒళ్లంతా బురదతో ఉన్నప్పుడు, సామ్ క్షమాపణ చెప్పబోతాడు. అమ్మానాన్నల గురించి అన్న మాటలకు. డీన్ చెయ్యెత్తి ఆపేస్తాడు. ఆడవాళ్ల సినిమాల్లో ఉండే సీన్లు మనకొద్దంటాడు. సామ్ నవ్వి “జెర్క్” అంటాడు. డీన్ “బిచ్” అని స్నానానికి పోతాడు.

ఇరవై సెకన్లు కూడా ఉండదు. అందులో ఏం జరిగిందో చూడండి. మాట్లాడాల్సింది తల్లి గురించి. ఆ దుఃఖాన్ని ఆపడానికి డీన్ వాడిన అడ్డం ‘ఆడవాళ్ల సినిమా’. ముద్దుగా ముగించడానికి వాడింది ఆడతిట్టు. తల్లి కోసం ఏడవకుండా ఉండటానికి ఆడతనాన్నే తిట్టాల్సి వచ్చింది ఆ మనిషికి. ఈ పాత్ర మొత్తం ఆ ఇరవై సెకన్లలో ఉంది.

ఇంకోటి గమనించండి. సామ్ అన్న ‘జెర్క్’కి ఆడ మగ తేడా లేదు, వెధవ అన్నట్టు. డీన్ అన్నదానికి ఉంది. అన్న తిరిగి తిట్టించుకుంటే వెధవ అవుతాడు. తమ్ముడు తిట్టించుకుంటే ఆడది అవుతాడు. ఇద్దరూ సమానంగా తిట్టుకున్నట్టు వినిపిస్తుంది గానీ తూకం సమానం కాదు.

నా దగ్గర నేర్చుకున్న ఒక కుర్రాడు, చాలా బాగా రాసేవాడు, ఈ సీన్‌కి మన భాషలో ఆడవాళ్లను తిట్టే అతి మోటు మాట వేసుకొచ్చాడు. అర్థం సరిగ్గా సరిపోయింది. పదిమంది ముందు వేసి చూపిస్తే గదిలో ఒక్కరూ నవ్వలేదు. ఆ అన్నదమ్ములు విడిపోతున్నారని అనుకున్నారు. తర్వాత రెండు చోట్లా ‘వెధవ’ వేశాడు. ఈసారి నవ్వారు, కానీ డీన్ మాయమయ్యాడు. అన్నదమ్ములెవరైనా అనుకునే మాటైపోయింది. వారంరోజులు కుస్తీపడ్డాక దారి మన భాషలోనే దొరికింది. మనకు ‘రా’, ‘వే’ ఉన్నాయి కదా. సామ్ “వెధవ” అంటాడు. డీన్ “పోవే” అంటాడు.

సరిగ్గా అతికింది. ఎందుకు అతికిందో ఆలోచిస్తే నాకే కొంచెం బాధేసింది. ‘పోవే’లో బూతు లేదు. స్నేహితురాళ్లు ఒకరినొకరు రోజూ అనుకుంటారు. అదే మాట మగవాణ్ణి అంటే తిట్టు. అంటే అందులో తిట్టేముంది? ఆడదానిలా పిలవడమే తిట్టు. ఇంగ్లిష్ మాటలో బూతు చాటున దాక్కున్న సంగతి తెలుగులో బట్టబయలైంది. మీ తమ్ముడితో మాట్లాడేటప్పుడు ఇది పనికొస్తుంది, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

రెండో సీజన్ ఇరవయ్యో ఎపిసోడ్ గుర్తుందా? జిన్ను డీన్‌ని ఒక కలలో పడేస్తుంది. అందులో అమ్మ బతికే ఉంటుంది, రాక్షసుల వేట లేదు. అన్నదమ్ములకు మాత్రం పెద్దగా పొసగదు. డీన్ అలవాటుగా ఆ మాట అంటే సామ్ బిత్తరపోయి నన్నెందుకలా అంటున్నావని అడుగుతాడు. నువ్వు తిరిగి జెర్క్ అనాలి కదా అంటాడు డీన్. అతని గొంతు వినండి అక్కడ. రోజూ తలుపు తీసే మనిషి ఇవాళ తీయకపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఇది రాసినవాళ్లకు ఆ మాట విలువ తెలీదని ఎవరూ అనలేరు. ‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అని అనలేని మనిషి ఆ మాటను ఇలా దాచుకున్నాడని వాళ్లకు తెలుసు.

మరి ఎందుకు అనలేడు? దీనికి జవాబు తండ్రి జాన్ దగ్గరుంది. 1983 నవంబర్ 2న లారెన్స్‌లో ఇల్లు తగలబడినప్పుడు డీన్‌కి నాలుగేళ్లు. చంటివాడైన సామ్‌ని అతని చేతుల్లో పెట్టి బయటికి పరుగెత్తమంటాడు జాన్. ఆ తర్వాత ఆ పిల్లాడి చేతులు ఖాళీ అయిందే లేదు. మొదటి సీజన్ పద్దెనిమిదో ఎపిసోడ్‌లో చిన్నప్పటి మోటెల్ గది చూపిస్తారు. తండ్రి వేటకు పోతూ తుపాకీ, హెచ్చరికలు ఇచ్చి పోతాడు. వండిపెట్టింది సామ్‌కి నచ్చదు, డబ్బాలో ఆఖరున మిగిలిన తియ్యటి సీరియల్ కావాలంటాడు. డీన్ ఇంకా తినలేదు. అయినా కసురుతూనే డబ్బా తమ్ముడి ముందు పెడతాడు. కాసేపటికి సామ్ అందులో దొరికిన బొమ్మను అన్న చేతికిస్తాడు.

వండటం, తినిపించడం, నిద్రపుచ్చడం, తను తినకుండా మిగల్చడం. తల్లి పని అంటామే, అదంతా చేసింది డీన్. పైకి మాత్రం తోలు జాకెట్, పాత రాక్ సంగీతం, 1967 ఇంపాలా. మూడో సీజన్ పదో ఎపిసోడ్‌లో కలలో తనకు తానే ఎదురుపడినప్పుడు ఆ రెండో డీన్ ఒక్కొక్కటే లెక్క చెప్తాడు. కారు నాన్నది, జాకెట్ నాన్నది, సంగీతం నాన్నది, అసలు నీదంటూ ఏముంది అని. నువ్వు నాన్న చేతిలో మొద్దు ఆయుధానివి అంటాడు. ఆ మగతనం అరువు తెచ్చుకున్నదని సీరియల్ నోరు విప్పి చెప్పిన చోటు అది. అరువు సొమ్ము ఎప్పుడు పోతుందో అన్న భయం ఉంటుంది కాబట్టే అంత గట్టిగా పట్టుకుంటాడు. లోపల తల్లిపని చేసిన మనిషి, ఎవరైనా కనిపెడతారేమోనని ముందే ఎదుటివాణ్ణి ఆడదాన్ని చేసి పారేస్తాడు.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన వివరం ఒకటుంది. నాలుగో సీజన్ మూడో ఎపిసోడ్‌లో డీన్ 1973కి వెళ్లి అమ్మ పుట్టింటివాళ్లను కలుస్తాడు. తాత పేరు శామ్యూల్, అమ్మమ్మ పేరు డియానా. తమ్ముణ్ణి ‘సమాంతా’ అని వెక్కిరించే డీన్, తన పేరును ఒక ఆడమనిషి నుంచి తెచ్చుకున్నాడు. అమ్మమ్మ పేరది. వేట కూడా అమ్మ వైపు నుంచి వచ్చిందే. తండ్రి నుంచి వచ్చిందని గర్వపడే విద్య నిజానికి తల్లి వంశానిది.

ఇంతవరకు మీ తమ్ముడి మాటే గెలిచినట్టుంది. ఇప్పుడు రెండో సగం.

డీన్‌కి ఊతపదం ‘సన్ ఆఫ్ ఎ బిచ్’. కారు పాడైనా, దెయ్యం తప్పించుకున్నా అదే. మగవాణ్ణి తిట్టాలంటే దారి అతని తల్లి మీదుగా పోతుంది. మన భాషలోనూ అంతే, మాట మారుతుంది గానీ దారి మారదు. తల్లి చావు చుట్టూ తిరిగే కథలో, తల్లి పేరెత్తితే తమ్ముడి చొక్కా పట్టుకున్న మనిషి, రోజుకు పదిసార్లు ఎవరో ఒకరి తల్లిని తిడతాడు. పదిహేను సీజన్లు, 327 ఎపిసోడ్లలో ఈ వైరుధ్యాన్ని కథ గట్టిగా పట్టుకుని అడిగిన సన్నివేశం నాకు కనిపించలేదు. అడగదగ్గ సందర్భమూ ఉంది, పన్నెండో సీజన్‌లో అమ్మ మేరీ తిరిగొచ్చి అదే గదిలో తిరుగుతుంటుంది కదా.

ఇందులో టీవీ నిబంధనల వాటా కూడా ఉంది. ఇది మొదట డబ్ల్యూబీలో, 2006 నుంచి సీడబ్ల్యూలో వచ్చింది. రెండూ అమెరికాలో మామూలు ప్రసార ఛానళ్లు. అక్కడ ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా అసభ్య ప్రసారాల మీద, ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ ఆంక్షలుంటాయి. జార్జ్ కార్లిన్ అనే హాస్యనటుడు రేడియో టీవీల్లో అనకూడని ఏడు మాటలని ఒక ప్రదర్శన చేస్తే, అది రేడియోలో వచ్చాక వివాదమై సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1978లో తీర్పు ఎఫ్‌సీసీ వైపు వచ్చింది. ఆ ఏడు మాటల్లో ‘బిచ్’ లేదు. రాత్రి పదిలోపు వేసే సీరియల్‌లో మోటు మనిషి మోటుగా మాట్లాడాలంటే రచయిత చేతిలో మిగిలే ఘాటైన మాటలు కొన్నే. ఉన్న కొన్నింటిలో ఇదొకటి. బరువంతా దీనిమీద పడింది. ఇది కారణమే, సాకు మాత్రం కాదు. ఆడవాళ్ల మీద కట్టిన తిట్టు పిల్లలు మేలుకుని ఉండే వేళలో కూడా చెల్లిపోవడమే అసలు ఆలోచించాల్సిన విషయం.

ఇప్పుడు మెగ్ సంగతి. మీరు మీ తమ్ముడితో కలిసి మళ్లీ చూడాల్సింది ఇదే. మొదటి సీజన్ చివరి ఎపిసోడ్. మెగ్ అనే అమ్మాయి ఒంట్లో ఉన్న దెయ్యాన్ని తోటి వేటగాడు బాబీ ఇంట్లో కుర్చీకి కట్టేస్తారు. నాన్న ఎక్కడని డీన్ అడుగుతాడు, చచ్చాడంటుంది, చెంప మీద కొడతాడు. ఆడపిల్లను కొడుతున్నావే అన్నట్టు అది వెటకారం చేస్తే, నువ్వు ఆడపిల్లవి కాదంటాడు డీన్. బాబీ అతన్ని పక్క గదిలోకి తీసుకెళ్లి జాగ్రత్త అంటాడు. ఆ పిల్ల నిజంగా ఆడపిల్లే, లోపల మనిషి ఉంది అని చెప్తాడు. దెయ్యం వెళ్లిపోయాక ఆ అమ్మాయి కాసేపు బతికి, వాళ్లకు కృతజ్ఞత చెప్పి చచ్చిపోతుంది.

కథ అక్కడితో వదిలేసి ఉంటే నేనింత రాసేదాన్ని కాదు. నాలుగో సీజన్ రెండో ఎపిసోడ్‌లో మెగ్ తిరిగొస్తుంది. ఈసారి దెయ్యం కాదు, అసలు మెగ్ ఆత్మ. నేను కాలేజీ అమ్మాయిని, నెలల తరబడి ఆ దెయ్యం నా ఒంట్లో ఉండి చేసినదంతా లోపల్నించి చూస్తూనే ఉన్నాను అంటుంది. దెయ్యాన్ని వదిలించే ఆ లాటిన్ మాటలు కొంచెం ముందే చదివి ఉంటే నేను బతికేదాన్ని, నా చెల్లెలూ బతికేది అంటుంది. డీన్ దగ్గర దానికి జవాబు లేదు.

నన్ను పట్టుకుని ఊపేసిన సన్నివేశం అది. ‘నువ్వు ఆడపిల్లవి కాదు’ అని ఏ మొహాన్ని చూసి అన్నాడో, ఆ మొహం వెనకాల ఒక అమ్మాయి వింటూనే ఉంది. దెయ్యానికి తగిలిందనుకున్న ప్రతి మాటా, ప్రతి దెబ్బా ఆమెకూ తగిలింది. ఆడ దేహంలో ఉన్న ప్రతి దెయ్యాన్నీ తిట్టే తిట్టు ఎక్కడ పడుతోందో ఇంతకంటే బాగా ఎవరూ చూపించలేరు. ఇంత బాగా రాసుకున్నాక కూడా ఆ పాఠం డీన్ నాలుక దాకా చేరలేదు. తర్వాతి సీజన్లలో దెయ్యం ఆడ దేహంలో వస్తే మళ్లీ అదే మాట, లోపలి మనిషి ఎవరన్న ఊసు లేదు. అందుకే అక్కడ అది పాత్ర కాదు, రచయితల అలవాటు అంటున్నాను. పాత్ర అయితే ఆ గాయం తర్వాత ఎక్కడో ఒకచోట నోరు తడబడాలి.

మాటకు తగ్గట్టే కథ కూడా ఉంది. మొదటి ఎపిసోడ్‌లోనే ఇద్దరు ఆడవాళ్లు పైకప్పుకు అంటుకుని కాలిపోతారు, మగవాళ్ల ప్రయాణం అక్కడ మొదలవుతుంది. ఎలెన్, జో, పమేలా, చార్లీ… డీన్‌తో సమానంగా నిలబడ్డ ఆడవాళ్లు ఒక్కొక్కరే పోతారు, వాళ్ల చావు అన్నదమ్ముల దుఃఖానికి ఇంధనమవుతుంది. మగవాళ్లూ చస్తారు, నిజమే. కానీ ఈ కథలో మగవాళ్లు తిరిగొచ్చినంత తరచుగా ఆడవాళ్లు రారు.

న్యాయంగా చెప్పాల్సినవి కూడా ఉన్నాయి. డీన్‌కి ఆడవాళ్లు చేతకానివాళ్లన్న నమ్మకం లేదు. రెండో సీజన్‌లో జో వేటకు వస్తానన్నప్పుడు, ఆడవాళ్లు ఈ పని చేయగలరు, అనుభవం లేనివాళ్లే చేయలేరు అంటాడు. ఆ మాటనీ ‘స్వీట్‌హార్ట్’ అని మొదలుపెట్టే అంటాడు, అది వేరే సంగతి. వాళ్లకు అండగా నిలిచే షెరీఫ్ జోడీ మిల్స్ ముందు అతను కొడుకులా ఒదిగి కూర్చుంటాడు. చార్లీతో ఉన్నప్పుడు చూడండి, భుజాలు దిగుతాయి, మొహం తేలికవుతుంది, నటించాల్సిన అవసరం లేని మనిషిలా ఉంటాడు. డీన్‌గా నటించిన జెన్సన్ ఆకిల్స్ ఇవి మాటల్లేకుండా చూపిస్తాడు. సబ్‌టైటిల్ రాసేవాళ్లం అలాంటిచోట ఏమీ చేయలేం, చూస్తూ కూర్చుంటాం.

సీరియల్‌కి తన హీరోని తప్పుపట్టే దమ్ము లేదని కూడా అనను. నాలుగో సీజన్ ఆరో ఎపిసోడ్‌లో డీన్‌కి భయం జబ్బు పట్టుకుంటుంది. లాకర్లోంచి పిల్లి దూకితే గుక్కపట్టి అరుస్తాడు. అందరూ నవ్వుకునే సీన్. ఆ జబ్బు ఎవరికి వస్తుందో గుర్తు తెచ్చుకోండి. ఎదుటివాళ్లను భయపెట్టి బతికేవాళ్లకు. డీన్‌కి వచ్చింది. అదే సీజన్‌లో చచ్చి తిరిగొచ్చిన డీన్, నరకంలో నలభై ఏళ్లు గడిపానని, ముప్పై ఏళ్లు భరించి చివరి పదేళ్లు తనే ఇతరులను చిత్రహింస పెట్టానని రోడ్డు పక్కన తమ్ముడి ముందు ఏడుస్తాడు. అక్కడ ఆడవాళ్ల సినిమా అన్న అడ్డం రాలేదు. వెక్కిరింపూ లేదు. ఆ మనిషికి అడ్డాలన్నీ తొలగితే ఏం మాట్లాడతాడో మనకు తెలుసు.

పదిహేనో సీజన్ పద్దెనిమిదో ఎపిసోడ్‌లో డీన్ స్నేహితుడైన దేవదూత కాస్టియెల్ అది పైకి చెప్తాడు. నువ్వు నిన్ను ద్వేషంతో, కోపంతో నడిచే మనిషి అనుకుంటావు, నాన్న ఆయుధం అనుకుంటావు, కానీ నువ్వు చేసిందంతా ప్రేమతోనే చేశావు అని. మూడో సీజన్ కలలో పడిన ముడి అక్కడ విప్పారు. నాకు కళ్లు చెమర్చాయి. అంత అందంగా రాశారు.

ఇక మీ తమ్ముడు. పదిహేనేళ్లవాడన్నారు. ‘డీన్ చెడ్డవాడు’ అని మొదలుపెట్టకండి, అతను వెంటనే హీరో పక్షం తీసుకుంటాడు. తప్పు కూడా లేదు, డీన్‌ని ప్రేమించాల్సిందే. ఆ మాట నిషేధించడం కూడా పనిచేయదు. నా అనుభవంలో పనిచేసింది ఒక్కటే, మాటను తెలుగులోకి మార్చి చెప్పించడం. నా తరగతుల్లో మగపిల్లలకు ఈ సన్నివేశం ఇచ్చి ‘పోవే’ ఎందుకు తిట్టయిందో రెండు వాక్యాల్లో రాయమంటాను. మొదటి వాక్యం అందరూ గబగబా రాస్తారు, మగవాణ్ణి ఆడదానిలా పిలిచాడు కాబట్టి అని. రెండో వాక్యం దగ్గర పెన్ను ఆగిపోతుంది. ఒకసారి ఒక కుర్రాడు చాలాసేపు కూర్చుని, “మా అక్కని రోజూ అలాగే పిలుస్తాను, తనకది తిట్టు కాదు, నాకైతే తిట్టు” అని రాశాడు. కింద ఇంకేమీ రాయలేకపోయాడు.

మీ తమ్ముడికి ఇంగ్లిష్ మాట సరదాగా ఉండటానికి కారణం అది అతని చెవికి దూరంగా ఉండటమే. మోటెల్ గది సీన్ పెట్టి, మీరు సామ్ మాట తెలుగులో చెప్పండి, డీన్ మాట తనను చెప్పమనండి. ఆ తర్వాత మొదటి సీజన్ చివరి ఎపిసోడ్, నాలుగో సీజన్ రెండో ఎపిసోడ్ వెంటవెంటనే వేయండి. మధ్యలో మీరేం మాట్లాడకండి. మెగ్ తన చెల్లెలి గురించి చెప్పేదాకా ఆగండి. అప్పటికి అతనేమంటాడో వినండి, వీలైతే ఇక్కడ రాయండి. నాకు తెలుసుకోవాలని ఉంది.